పిల్లోడి టాన్సిల్స్, ఎడినాయిడ్స్ ఆపరేషన్: డాక్టరుకి ఐదుకి ఐదు, ఆసుపత్రి ఫోనుకి సున్నా

ముందే చెప్పేస్తున్నా, ఆసుపత్రి పేరు రాయట్లేదు. విశాఖలో ఒక ప్రైవేటు ఈఎన్టీ ఆసుపత్రి, అంతవరకే. మెచ్చుకోవాల్సింది ఎంతుందో తిట్టాల్సిందీ అంతే ఉంది, పైగా పిల్లోడి చెవి పరీక్షకి మళ్ళీ అక్కడికే వెళ్ళాలి మేము, ఎందుకొచ్చిన గొడవ. మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా హెడ్‌క్వార్టర్సు, కానీ ఊరు దాటి కాస్త ముందుకెళ్తే పాతపట్నం, అంటే ఆంధ్రా. మా వైపు వాళ్ళకి స్పెషలిస్టు కావాల్సొస్తే రెండే దార్లు, ఇటు బరంపురంలో ఎంకేసీజీ గవర్నమెంటు మెడికల్ కాలేజీ ఆసుపత్రి, అటు శ్రీకాకుళమో విశాఖో. ఆపరేషన్ ఒక రాష్ట్రంలో చేయించుకుని ఇంకో రాష్ట్రంలో ఇంటికొచ్చి కోలుకునే వాళ్ళ కోసమే ఈ రివ్యూ, విశాఖలోనే ఉండేవాళ్ళకి ఇందులో సగం అక్కర్లేదు.

మావోడికి ఐదు నిండి ఆరు నడుస్తోంది. చాన్నాళ్ళుగా నోరు తెరుచుకునే నిద్ర, గురక అంటే పక్క గదిలోకి వినపడేంత గురక, మధ్యలో ఒక్కసారి ఊపిరి ఆగిపోయినట్టు నిశ్శబ్దం, ఆ తర్వాత ఎగబీల్చి మళ్ళీ మొదలు. ఒళ్ళంతా చెమట, పక్క తడపడం, పొద్దున్నే లేస్తే విసుగు. టీవీ సౌండు పెంచమంటాడు, పిలిస్తే తిరగడు, బళ్ళో టీచరు "వీడికి పొగరండీ" అని కంప్లైంటు. మా అత్తయితే "ఆల తాతకీ ఇదే గురక, పోలికొచ్చీసింది, దీనికి కోతెందుకే" అని ఒకటే పాట. ఊళ్ళో పిల్లల డాక్టరు మాత్రం నోరు తెరిపించి చూసి టాన్సిల్స్ రెండూ దాదాపు ఒకదానికొకటి తగిలేలా ఉన్నాయి, ఈఎన్టీకి చూపించండి అన్నారు.

విశాఖ డాక్టరు గారి దగ్గర నాకు నచ్చిన మొదటి విషయం, ఆయన చూడగానే కోసేద్దాం అనలేదు. పిల్లోడు పడుకున్నప్పుడు ఫోన్లో వీడియో తీశారా అని అడిగారు. తీశాం, చొక్కా విప్పి, ఛాతీ కనపడేలా. అది చూసి గురక కంటే ఊపిరి లాగినప్పుడు పక్కటెముకల కింద లోపలికి పోతున్న గుంటని చూపించి ఇదీ అసలు విషయం అన్నారు. మీరూ వెళ్ళే ముందు అలాంటి వీడియో ఒకటి తీసుకెళ్ళండి, పగటిపూట క్లినిక్‌లో పిల్లోడు చక్కగా కూర్చుంటాడు, వాడి రాత్రి ఎలా ఉంటుందో డాక్టరుకి ఎలా తెలుస్తుంది. టాన్సిల్స్ అయితే నోరు తెరిస్తే కనపడతాయి గానీ అలాంటి కండే అయిన ఎడినాయిడ్స్ ముక్కు వెనకాల, కొండనాలుక పైన దాక్కుని ఉంటాయి, వాటికి మెడ పక్కనుంచి ఎక్స్‌రే అయినా తియ్యాలి, ముక్కులోంచి సన్నటి కెమెరా అయినా పంపాలి. మావోడు కెమెరాకి ఏడ్చి గోల చేస్తాడనుకుంటే స్క్రీన్ వాడి వైపు తిప్పి "నీ ముక్కులో గుహ చూద్దామా" అన్నారు, అంతే, వీడు నోరెళ్ళబెట్టి చూస్తూ కూర్చున్నాడు. ముక్కు వెనక దారి ముప్పాతిక వంతు మూసుకుపోయింది. చెవి పరీక్షలో కర్ణభేరి వెనకాల నీరు, అందుకే వినపడట్లేదు. పొగరు కాదు టీచరు గారూ, చెవిలో నీరు.

ఆయన చెప్పిందే మీకూ చెప్తున్నా, ఎందుకంటే మా ఊళ్ళో గొంతు నొప్పొస్తే చాలు టాన్సిల్స్ తీయించెయ్యమనే వాళ్ళూ ఉన్నారు, చచ్చినా తీయించకూడదు అనే వాళ్ళూ ఉన్నారు. మాటిమాటికీ గొంతు ఇన్ఫెక్షన్ అని తియ్యాలంటే ఒక లెక్కుంది, ఒక్క ఏడాదిలో 7 సార్లు, లేదా వరసగా రెండేళ్ళు ఏడాదికి 5 సార్లు, లేదా మూడేళ్ళు ఏడాదికి 3 సార్లు వచ్చుండాలి, అది కూడా జ్వరం, చీము లాంటి గుర్తులతో డాక్టరు చూసి రాసినవి. అంతకంటే తక్కువైతే సాధారణంగా ఆగి చూడమంటారు. మా కేసు అది కాదు, నిద్రలో ఊపిరి అడ్డుపడటం. దీనికి కూడా ముందు కొన్నాళ్ళు ముక్కులో స్టెరాయిడ్ స్ప్రే కొట్టించారు. పెద్దగా మారలేదు. అప్పుడు కూడా ఆయనే ఒక మాటన్నారు, 2013లో అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ళ పిల్లల మీద పెద్ద స్టడీ వచ్చిందని, ఏడు నెలల తర్వాత చూస్తే ఆపరేషన్ అయిన వాళ్ళలో 79 శాతం మందికి నిద్ర పరీక్ష నార్మల్‌కి వచ్చిందట, చేయించకుండా ఆగిన వాళ్ళలో కూడా 46 శాతం మందికి వచ్చిందట. అంటే కొంతమందికి ఆగినా తగ్గుతుంది. మీ వాడికి చెవిలో నీరు కూడా ఉంది, బరువు పెరగట్లేదు, స్ప్రేకి లొంగలేదు, అందుకని చెయ్యమంటున్నా, అయినా ఇంటికెళ్ళి ఆలోచించుకుని రండి అన్నారు. ఆపరేషన్ వద్దనడానికి కూడా కారణాలిచ్చే సర్జన్‌ని నేను ఇదే చూడ్డం. ఇక్కడే ఐదు స్టార్లు పడిపోయాయి నా దగ్గర.

అత్త అడిగిన ప్రశ్న కూడా అడిగేశా, అవి తీసేస్తే ఒంట్లో రోగాన్ని ఆపే శక్తి పోదా అని. గొంతులో, నాలుక మొదట్లో అలాంటి కణజాలం ఇంకా చాలా ఉంటుంది, ఆ పని అవి చూసుకుంటాయి, దీనివల్ల పిల్లలు రోగాలకి దొరికిపోరు అన్నారు. ఎడినాయిడ్స్ మాత్రం చిన్న పిల్లల్లో ఎప్పుడైనా మళ్ళీ కొంచెం పెరగొచ్చు, టీనేజీ వచ్చేసరికి వాటంతటవే ముడుచుకుపోతాయి.

ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు చూడాలి, దాన్ని పీఏసీ అంటారు. మత్తు డాక్టరమ్మ చాలా శ్రద్ధగా చూసింది. ఇంట్లో ఎవరికైనా మత్తు పడలేదా, పళ్ళు తోమితే రక్తం వస్తుందా, చిన్న దెబ్బకే కమిలిపోతుందా అని వరసగా అడిగి, మావోడి కింది పన్ను ఒకటి ఊగుతుంటే వేలితో కదిపి చూసి కాగితం మీద ఏ పన్నో గుర్తు పెట్టుకుంది, గొట్టం వేసేటప్పుడు అది ఊడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు కదా. ఆరేళ్ళ పిల్లలకి ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఊగే పన్నుంటే మీరే ముందు చెప్పండి. ఊరి పేరు చూసి సికిల్ సెల్ పరీక్ష కూడా రాసింది, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు అది. మా గజపతి, రాయగడ, కొరాపుట్ వైపు అది ఎక్కువ, 2023లో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ మిషన్ కూడా ఇలాంటి జిల్లాల కోసమే. మత్తులో ఆక్సిజన్ తగ్గితే ఆ జబ్బున్న వాళ్ళకి ప్రమాదం. విశాఖలో కూర్చుని మా జిల్లా సంగతి తెలిసిన డాక్టరు దొరికినందుకు సంతోషం వేసింది. తీరా అన్నీ అయ్యాక మావోడికి జలుబు పట్టుకుని డేటు వాయిదా. ఆసుపత్రి వాళ్ళు దీనికి ఏం విసుక్కోలేదు, జలుబు తగ్గి కొన్ని వారాలు ఆగితే గానీ మత్తివ్వం అని వాళ్ళే గట్టిగా చెప్పారు.

ఇప్పుడు డబ్బులు. ఫోన్లో అడిగితే ప్యాకేజీ 48 వేలు అన్నారు, కట్టింది 61 వేల చిల్లర. ఏటి తేడా అంటే పరీక్షలు విడి, మందులు విడి, తీసిన టాన్సిల్స్ ల్యాబుకి పంపితే విడి, అన్నిటికంటే పెద్దది కోబ్లేషన్ వాండ్ విడి. కోబ్లేషన్ అంటే సెలైన్ నీళ్ళలోంచి రేడియో తరంగాలు పంపి తక్కువ వేడితో కండని కరిగించి తీసే పద్ధతి, ఆ పుల్లలాంటి వాండ్ ఒక్క పేషెంటుకే వాడి పారెయ్యాల్సింది, అందుకే ఖరీదు. పాత పద్ధతిలో కత్తితోనో కరెంటు కాటరీతోనో తీస్తారు, అదీ ఇప్పటికీ మంచి పద్ధతే, కోబ్లేషన్‌లో నొప్పి కాస్త తక్కువ అంటారు గానీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఏం లేదని డాక్టరు గారే అన్నారు. నా గొడవ వాండ్ రేటు మీద కాదు. ఏ పద్ధతిలో చేస్తారో ఫోన్లో రేటు చెప్పేటప్పుడే తెలుసు కదా, మరి అప్పుడే కలిపి చెప్తే ఏం పోయింది? అడ్మిట్ అయ్యి, పిల్లోడికి చేతికి సూది పెట్టాక ఈ కాగితం మీద సంతకం పెట్టండి అంటే ఎవరు మాత్రం పెట్టరు. బిల్లింగ్‌కి రెండు స్టార్లు, అవి కూడా చివర్లో రసీదులన్నీ అడగ్గానే ఇచ్చినందుకు.

కౌంటర్లో కుర్రాడితో జరిగింది మా వైపు వాళ్ళందరికీ జరిగేదే.

"ఆరోగ్యశ్రీ కార్డుందా అమ్మా?"

"మాది ఒడిశా బాబూ, మాకు ఆ కార్డుండదు."

"తెలుగు మాట్లాడుతున్నారు కదండీ!"

ఏం చెప్తాం. దాని పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, ఆంధ్రా వాళ్ళకే. మాకు నిన్నమొన్నటి దాకా ఒడిశా ప్రభుత్వం ఇచ్చే బిజు ఆరోగ్య కార్డుండేది, 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఆయుష్మాన్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి ఇస్తున్నారు, ఆయుష్మాన్ వేరే రాష్ట్రంలో కూడా చెల్లుతుంది గానీ ఆసుపత్రి ఆ లిస్టులో ఉండాలి, ఆ ఆపరేషన్ ప్యాకేజీ ఆ ఆసుపత్రికి వర్తించాలి. ఈ ఆసుపత్రి లిస్టులో లేదు. బయల్దేరకముందే ఆయుష్మాన్ హెల్ప్‌లైన్ 14555కి ఫోన్ చేసి కనుక్కోండి, ఆసుపత్రికెళ్ళాక అడిగితే లాభం లేదు. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్ళు ఇంకోటి చూసుకోండి, చాలా పాలసీల్లో టాన్సిల్స్, ఎడినాయిడ్స్, సైనస్ ఆపరేషన్లకి 24 నెలల వెయిటింగ్ పీరియడ్ రాసి ఉంటుంది. మా ఆయన పాలసీకి ఇంకా రెండేళ్ళు నిండలేదు, అందుకని మొత్తం చేతి డబ్బే. డబ్బుకి ఇబ్బందైతే విశాఖలో గవర్నమెంటు ఈఎన్టీ ఆసుపత్రి విడిగా ఉంది, బరంపురంలో ఎంకేసీజీ ఉంది, ఈ ఆపరేషన్ అన్నిచోట్లా రోజూ చేసేదే, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

ఆపరేషన్ రోజు గురించి పెద్దగా రాయడానికేం లేదు, మంచి ఆసుపత్రి అంటే అదేనేమో. గట్టి తిండి 6 గంటల ముందు ఆపాలి, మంచినీళ్ళు 2 గంటల ముందు దాకా ఇవ్వొచ్చు అని టైము రాసిచ్చారు, చిన్న పిల్లల్ని పొద్దున్నే మొదటి కేసుగా పెట్టారు. నన్ను మత్తిచ్చే దాకా లోపల ఉండనిచ్చారు, వాడు నా చెయ్యి పట్టుకునే మాస్కులో ఊది నిద్రపోయాడు. ముప్పావు గంటలో అయిపోయింది, గొంతులో బయటికి కుట్లేం కనపడవు, నోట్లోంచే చేస్తారు. మెలకువ వచ్చేటప్పుడు మాత్రం కాసేపు మనిషి మనిషి కాదు, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ, నన్ను చూసి కూడా గుర్తుపట్టనట్టు అరుపులు. మత్తు దిగేటప్పుడు కొంతమంది పిల్లలు అలా చేస్తారట, అరగంటలో తగ్గిపోతుందట, తగ్గింది కూడా. ఇది ముందు చెప్పుంటే మా ఆయన అంత కంగారు పడేవాడు కాదు. రికవరీలో ఉన్న సిస్టరు, ఆవిడ శ్రీకాకుళం మనిషి, వాణ్ణి ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి "ఏటి నానా, అయిపోయింది, ఐస్‌క్రీం తెస్తన్నా" అని వాడి మాటలోనే బుజ్జగించింది. ఆవిడకి నేనైతే ఆరు స్టార్లు ఇస్తా.

మర్నాడు డిశ్చార్జి. ఇక్కణ్ణుంచి మొదలవుతుంది నా అసలు కోపం.

డిశ్చార్జి కాగితం రెండు పేజీల ఇంగ్లీషు. మందులు, అపాయింట్‌మెంటు తేదీ, కింద ఎర్ర అక్షరాల్లో ఎమర్జెన్సీకి 24 గంటల ఫోను నంబరు. "మెత్తటి ఆహారం, ఎక్కువ నీళ్ళు, రక్తం వస్తే సంప్రదించండి" ఇంతే జాగ్రత్తలు. ఆ సిస్టరే మందుల కవరు వెనకాల తెలుగులో రాసిచ్చింది, ఏ మందు ఎన్నింటికి, ఏది చూస్తే భయపడాలి, ఏది చూస్తే భయపడక్కర్లేదు. ఆ కవరు నేను ఫ్రిజ్ మీద అంటించుకున్నా. ఆసుపత్రి ప్రింటు చెయ్యాల్సింది అది, రెండు పేజీల ఇంగ్లీషు కాదు. మేం విశాఖలో పిన్ని వాళ్ళింట్లో కొద్దిగా ఆగి పర్లాకిమిడి వచ్చేశాం, వెళ్ళొచ్చు అన్నారు కాబట్టి.

ఇంటికొచ్చాక ఏం జరుగుతుందో కాస్త వివరంగా రాస్తా, ఎక్కడా ఎవరూ సరిగ్గా చెప్పట్లేదు. మొదటి రోజులు మీరు అనుకున్నంత ఘోరంగా ఉండవు. తర్వాతే పెరుగుతుంది నొప్పి, తగ్గుతోంది అనుకునేలోగా మళ్ళీ లేస్తుంది. గొంతులో టాన్సిల్స్ ఉన్న చోట తెల్లగా, కాస్త పసుపు పచ్చగా పొర కడుతుంది, నోరు వాసన. మా అత్త టార్చి వేసి చూసి "ఓలమ్మో, సీము పట్టీసిందే" అని గుండెలు బాదుకుంది. అది చీము కాదు, మానుతున్న పుండు మీద కట్టే పొర, మోకాలికి దెబ్బ తగిలితే పొక్కు కట్టినట్టే, కాకపోతే నోరు తడిగా ఉంటుంది కాబట్టి తెల్లగా కనపడుతుంది. దానికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. నిజానికి మాకు యాంటీబయాటిక్ రాయనే లేదు, చుట్టాలందరూ "ఆపరేషన్ చేసి యాంటీబయాటిక్ రాయకపోవడం ఏటి" అని డాక్టరుని అనుమానించారు, 2019 నాటి అమెరికా ఈఎన్టీ వాళ్ళ గైడ్‌లైన్స్‌లో కూడా ఈ ఆపరేషన్‌కి అలవాటుగా యాంటీబయాటిక్ ఇవ్వొద్దనే ఉందని ఆయన ముందే చెప్పారు. చెవి నొప్పి అంటాడు, అదీ గొంతు నొప్పే, గొంతుకీ చెవికీ ఒకే నరం కాబట్టి అక్కడ తెలుస్తుంది. గొంతు సన్నగా ముక్కుతో మాట్లాడినట్టు మారుతుంది, తాగిన నీళ్ళు ఒక్కోసారి ముక్కులోంచి వస్తాయి, ఇవన్నీ మెల్లగా సర్దుకుంటాయి.

నొప్పి మందు గడియారం చూసి ఇవ్వాలి, ఏడ్చినప్పుడు కాదు. ఏడుపు మొదలయ్యాక ఇస్తే మింగడు, మింగకపోతే నీళ్ళు తాగడు, నీళ్ళు తాగకపోతే గొంతు ఎండి ఇంకా నొప్పి. తెల్లవారుజామున లేపి మరీ ఇచ్చా. ఇంకో ముఖ్యమైన సంగతి, పారాసెటమాల్ సిరప్ 5 ఎమ్‌ఎల్‌కి 120 మిల్లీగ్రాములది ఉంటుంది, 250ది ఉంటుంది. విశాఖలో ఇచ్చింది ఒకటి, అయిపోయాక ఇక్కడ షాపులో ఇచ్చింది ఇంకోటి, డబ్బా రంగు ఇంచుమించు అదే. లేబుల్ చూడకుండా పాత కొలతే పోస్తే మందు రెట్టింపు పడిపోయేది. బరువుని బట్టి మీ డాక్టరు ఎన్ని మిల్లీగ్రాములు రాశారో ఆ అంకె గుర్తుపెట్టుకోండి, ఎన్ని ఎమ్‌ఎల్ అన్నది కాదు. దగ్గు సిరప్పులు సొంతంగా పొయ్యొద్దు, కోడీన్ ఉన్నవైతే అసలే వద్దు, ఈ ఆపరేషన్ తర్వాత పిల్లలకి దాంతో ఊపిరి ఆగిన కేసులు చూసి 2013లోనే అమెరికాలో హెచ్చరిక పెట్టారు. ఆస్పిరిన్ కూడా వద్దు, రక్తం గడ్డకట్టనివ్వదు.

తిండికి మా దగ్గర పనిచేసినవి చల్లారిన చోడి (రాగి) జావ, సగ్గుబియ్యం పాయసం, పాలల్లో నానిన ఇడ్లీ, పెరుగన్నం మెత్తగా గుజ్జు చేసి, కొబ్బరినీళ్ళు. ఎండాకాలం ఇంట్లో పఖాళ ఉంటుంది కదా, ఆ చల్లటి నీళ్ళన్నం వాడే అడిగి తాగాడు, పులుపు ఎక్కకముందు ఇస్తే బాగానే పోయింది. బత్తాయి రసం పట్టుకొచ్చిన వాళ్ళని తిట్టాల్సొచ్చింది, పులుపు తగిలితే కేకలు. మరమరాలు, జంతికలు కనపడకుండా దాచేశాం. కొంతమంది డాక్టర్లు గట్టివి కూడా తినిపించమంటారు, మింగుతుంటే గొంతు శుభ్రపడుతుందని, మీ డాక్టరు ఏం చెప్తే అది చెయ్యండి, నీళ్ళు మాత్రం అందరూ తాగమనే అంటారు. తిండి తక్కువైనా పర్లేదు, ఒంటేలు ఎన్నిసార్లు పోశాడో చూసుకోవాలి.

ఇక ఆ రాత్రి. ఈ ఆపరేషన్‌లో రక్తస్రావం రెండు సమయాల్లో రావొచ్చు, మొదటి 24 గంటల్లో ఒకటి, ఆ తెల్ల పొర ఊడే టైములో, అంటే సుమారు ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య, రెండోది. మొదటిదానికి మీరు ఆసుపత్రిలోనే ఉంటారు. రెండోదానికి ఇంట్లో ఉంటారు, మా విషయంలో అయితే ఇంకో రాష్ట్రంలో. చాలామందికి రాదు, వందలో ఏ కొద్దిమందికో వస్తుంది, ఆ కొద్దిమందిలో మేమున్నాం. పడుకున్నవాడు మాటిమాటికీ గుటకలు మింగుతున్నాడు. సిస్టరు కవరు మీద ఆ ముక్క రాసింది, నిద్రలో ఊరికూరికే మింగితే లైటేసి చూడండి అని. లైటేస్తే దిండు గలీబు మీద రూపాయి బిళ్ళంత ఎర్ర మరక. లేపి కూర్చోబెట్టి, ముందుకి వంచి, స్టీలు గిన్నెలో ఉమ్మించా. గులాబీ రంగు ఉమ్మి కాదు, ఎర్రగా, తాజాగా. వీడేమో ఏడవకుండా గిన్నెలోకే చూస్తున్నాడు.

మా ఆయన ఆ ఎర్ర అక్షరాల నంబరుకి చేశాడు. "మా పనివేళలు ఉదయం 9 నుంచి సాయంత్రం 7 వరకు" అని రికార్డింగు, వెనకాల వీణ మ్యూజిక్కు. మళ్ళీ చేస్తే మళ్ళీ వీణ. వాట్సాప్‌లో గిన్నె ఫోటో పెడితే ఆటోమేటిక్ జవాబు, మమ్మల్ని ఎంచుకున్నందుకు ధన్యవాదాలు అట. 24 గంటలు అని రాసినవాడికి గడియారంలో ఎన్ని గంటలుంటాయో తెలుసో లేదో. ఎత్తుతారేమో అని కూర్చోలేదు, బండి మీద మా ఊరి జిల్లా ఆసుపత్రికి వెళ్ళిపోయాం. డ్యూటీ డాక్టరు చిన్నవాడే, కానీ తడబడలేదు. టార్చి, నాలుక నొక్కే పుల్ల, ఒక పక్క పొర ఊడిన చోట రక్తం గడ్డకట్టి ఉంది, ఇప్పుడు కారట్లేదు అన్నాడు, గడ్డని కదపలేదు, చేతికి సెలైన్ పెట్టి, రక్తం శాంపిల్ తీసి, తెల్లారేదాకా కూర్చోబెట్టి పది నిమిషాలకోసారి వచ్చి చూశాడు, మళ్ళీ మొదలైతే వెంటనే బరంపురం పంపడానికి అంబులెన్సుకి కూడా చెప్పి ఉంచాడు. దానంతటదే ఆగింది. చాలాసార్లు అలా ఆగుతుందట, ఆగినా సరే చూపించుకోవాల్సిందే, ఎందుకంటే చిన్నగా కారింది కొన్నిసార్లు పెద్దదానికి ముందు వచ్చే గుర్తు. తాజా ఎర్ర రక్తం చెంచాడైనా సరే ఎవరికీ ఫోన్ చేస్తూ కూర్చోకండి, దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే దానికి. ఆపరేషన్ అయిన రోజు ముదురు గోధుమ రంగులో ఒక వాంతి అయితే అది లోపలికి పోయిన పాత రక్తం, అది వేరు.

పొద్దున తొమ్మిది దాటాక విశాఖ నుంచి ఫోనొచ్చింది. "గుడ్‌మార్నింగ్ మేడం, మిస్డ్ కాల్ ఉంది, అపాయింట్‌మెంట్ కావాలా?" నేను ఏమన్నానో ఇక్కడ రాయను. అరగంటలో డాక్టరు గారే స్వయంగా చేశారు, అన్నీ అడిగారు, జిల్లా ఆసుపత్రి డాక్టరుతో కూడా మాట్లాడారు, ఆ నంబరు రాత్రిపూట మోగదని తనకే తెలియదన్నారు. నమ్ముతా, ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. కానీ ఆపరేషన్లు చేసే ఆసుపత్రిలో రాత్రి ఫోను ఎవరెత్తుతారో సర్జన్‌కి తెలియకపోవడం ఏటి? మత్తు మెషీనుంది, కోబ్లేషన్ ఉంది, రిసెప్షన్‌లో చేపల తొట్టి ఉంది, రాత్రి ఫోనెత్తే ఒక్క మనిషి లేడు. దూరం నుంచి వచ్చే పేషెంట్లకి ఆసుపత్రి అంటే ఆ బిల్డింగు కాదు, ఆ నంబరే. మీరు ఏ ఆసుపత్రిలో చేయించినా డిశ్చార్జి రోజు రాత్రి ఆ నంబరుకి ఒకసారి కొట్టి చూడండి. మోగితే ఇంటికెళ్ళండి, వీణ వస్తే మర్నాడే వెళ్ళి గొడవ పెట్టుకుని డ్యూటీ డాక్టరు నంబరు తీసుకోండి. దూరం వాళ్ళైతే ఆ పదో రోజు దాటేదాకా ఆసుపత్రికి దగ్గర్లో చుట్టాలింట్లో ఉండగలిగితే ఇంకా మంచిది, అది కుదరకపోతే మీ ఊళ్ళో రాత్రిపూట ఎక్కడ డాక్టరుంటాడో ముందే చూసి పెట్టుకోండి.

ఇప్పుడు వాడు ఎలా ఉన్నాడంటే, గురక పోయింది. నోరు మూసుకుని పడుకుంటున్నాడు, పక్క తడపడం బాగా తగ్గింది, అన్నం కూడా నిమ్మళంగా తింటున్నాడు, ఇదివరకు ఊపిరికీ ముద్దకీ కుదరక మధ్యలో ఆగేవాడు. మా అత్త ఇప్పుడు వీధిలో గురక పెట్టే పిల్లలందరికీ విశాఖ వెళ్ళమని చెప్తోంది, కోతెందుకే అన్న మనిషే. చెవిలో నీరు ఇంకా పూర్తిగా పోలేదు, మూడు నెలలు చూసి అప్పటికీ ఉంటే గ్రోమెట్ అని చిన్న గొట్టం పెట్టాల్సి రావొచ్చట.

డాక్టరుకీ మత్తు డాక్టరమ్మకీ ఐదుకి ఐదు, సిస్టరుకి చెప్పేశాను కదా, బిల్లింగ్‌కి రెండు, రాత్రి ఫోనుకి సున్నా, అన్నీ కలిపి నేను మూడిచ్చా. మా ఆయన రెండు చాలు అంటున్నాడు. చెవి పరీక్షకి వెళ్ళే ముందు రోజు రాత్రి పదకొండింటికి ఆ నంబరుకి కొడతా, ఎవరైనా ఎత్తితే ఇంకో స్టారు కలుపుతా.